లాంగ్ ఐలాండ్ ఇంట్లో కుదరాలంటే: ముందు నిమ్మకాయ, తర్వాతే సీసాలు

తమ్ముడూ, నీ ప్రశ్న చదువుతుంటేనే ఆ రాత్రి ఏం జరిగిందో సగం అర్థమైంది. డిసెంబర్ 31న హన్మకొండలో మీ మేడ మీద ఎనిమిది మంది దోస్తులకు లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ చేశావు. వోడ్కా, జిన్, రమ్ము తలా 30 మిల్లీలీటర్లు పోశావు. టెకీలా దొరకలేదని ఇంకో 30 వోడ్కానే కలిపావు. ట్రిపుల్ సెక్ అనే నారింజ లిక్కర్ బదులు ఆరెంజ్ స్క్వాష్ వేసి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, గ్లాసు నిండా థమ్స్ అప్ నింపావు. మొదటి గుక్క ఘాటు, రెండో గుక్క తీపి, గ్లాసు సగమయ్యేసరికి ఇద్దరు గోడకు ఒరిగిపోయారు. "మంచి బార్‌లో తాగితే పుల్లగా, చల్లగా టీలాగ దిగిపోతుంది, ఇంట్లో ఎందుకు రాదన్నా? వచ్చే శనివారం మళ్లీ దావత్ ఉంది" అని అడిగావు.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లు బార్ కౌంటర్ వెనకాల నిలబడ్డాను. ఆరేళ్లుగా వరంగల్‌లోనే ఉంటూ, పర్మిషన్ ఉన్న ఫంక్షన్లలో డ్రింక్స్ కౌంటర్ చూసుకుంటున్నాను. ఈ ఒక్క కాక్‌టెయిల్‌ని ఎన్ని వేల సార్లు కలిపానో లెక్కలేదు. అందుకే కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట తలకెక్కించుకో. లాంగ్ ఐలాండ్ అంటే ఐదు రకాల మందు ఒక్క గ్లాసులో గుమ్మరించడమని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అది నిమ్మరసం డ్రింకు. మందులు ఐదూ తలా కొంచెం చొప్పున, ఏ ఒక్కటీ ముందుకు రాకుండా వెనక నిలబడతాయి. పులుపు, తీపి సరిగ్గా తూగితే ఆ ఐదూ కలిసి ఒకే రుచిగా వినిపిస్తాయి. తూకం తప్పితే ఐదూ ఐదు దిక్కుల నుంచి కొడతాయి. నువ్వు పోసింది నాలుగు చుక్కల నిమ్మరసం. తప్పు అక్కడే మొదలైంది.

దీని పుట్టుక గురించి కొంచెం. అమెరికాలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఓక్ బీచ్ ఇన్ అనే బార్ ఉండేది. అక్కడ పనిచేసిన రాబర్ట్ బట్, ట్రిపుల్ సెక్‌తో చేసే డ్రింకుల పోటీ కోసం 1972లో దీన్ని కలిపానని చెప్పుకున్నాడు. టెనసీ రాష్ట్రంలోని కింగ్స్‌పోర్ట్ వాళ్లు ఒప్పుకోరు. వాళ్ల ఊరి నదిలో కూడా లాంగ్ ఐలాండ్ అనే దీవి ఉంది, మద్యనిషేధం ఉన్న 1920ల్లోనే మా దగ్గర బిషప్ అనే పెద్దాయన దీన్ని చేశాడంటారు. ఎవరి మాట నిజమైనా, ఇవాళ ప్రపంచమంతా తాగేది మొదటి ఆయన పద్ధతికి దగ్గరగా ఉన్నదే. ఇందులో టీ చుక్క కూడా ఉండదు. రంగు చూసి పెట్టిన పేరు.

ఇంటర్నేషనల్ బార్‌టెండర్స్ అసోసియేషన్ వాళ్ల కొలత ఇది: వోడ్కా, జిన్, తెల్ల రమ్ము, టెకీలా, క్వాంత్రో (ట్రిపుల్ సెక్‌లో ఒక బ్రాండు) తలా 15 మిల్లీలీటర్లు, నిమ్మరసం 30, చక్కెర పాకం 20, పైన కోలా. నేను మన దగ్గర చేసేటప్పుడు నిమ్మరసం 25, పాకం 15, థమ్స్ అప్ 30 దాటనివ్వను. ఎందుకంటే వాళ్లు చెప్పే లెమన్ వేరు, మన నిమ్మకాయ వేరు. లెమన్ అంటే కోడిగుడ్డు కంటే కాస్త పెద్ద పసుప్పచ్చ కాయ. మన సన్నతొక్క నిమ్మకాయని వాళ్లు లైమ్ అంటారు, దాని వాసన, పదును ఇంకాస్త ఎక్కువ. థమ్స్ అప్ కూడా బయటి దేశాల కోలాల కంటే ఘాటుగా ఉంటుంది, మసాలా వాసన వస్తుంది. కొంచెం పోసినా రంగు వచ్చేస్తుంది, రుచి తెలుస్తుంది. కోలా పని అంతే. గ్లాసు నింపడానికి కోలా వాడావంటే అది మందు కలిపిన కూల్ డ్రింక్ అయిపోతుంది.

ఇప్పుడు నిమ్మకాయ సంగతి. లక్ష్మీపురం మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే మంచి కాయ ఏరుకోవచ్చు. పచ్చగా గట్టిగా ఉన్నది వద్దు. పసుపు తిరిగి, తొక్క నున్నగా పలుచగా ఉండి, చేతిలో పెట్టుకుంటే సైజుకు మించిన బరువు అనిపించాలి. అలాంటి కాయకి సుమారు 15 మిల్లీలీటర్ల రసం వస్తుంది. ఎనిమిది గ్లాసులకు 200 కావాలి కాబట్టి పద్నాలుగు కాయలు పడతాయి, పదహారు తెచ్చుకో. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కోయకు. అరగంట బయటపెట్టి, బండ మీద అరచేత్తో అదిమి దొర్లించు. లోపల తొనలు చిట్లిన సంగతి చేతికే తెలుస్తుంది, కాయ ఒక్కసారిగా మెత్తబడుతుంది. అడ్డంగా కోసి పిండు. ఒక్క ముఖ్యమైన విషయం: ఆఖరి చుక్క దాకా మెలిపెట్టి పిండొద్దు. ఆ ఆఖరి చుక్కలతో పాటు తొక్కలోని చేదు, గింజల చేదు దిగుతాయి. పచ్చడికైతే ఆ చేదు ఉప్పుకారంలో కలిసిపోతుంది, ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు. టీ వడగట్టే జాలీలో వడగట్టి మూత పెట్టు. సాయంత్రం దావత్ అయితే మధ్యాహ్నం మూడు తర్వాతే పిండాలి. పొద్దున పిండి పెట్టిన రసం రాత్రికి ఆ వాసన పోగొట్టుకుంటుంది, తెల్లారితే చేదెక్కుతుంది. సీసాలో అమ్మే నిమ్మరసం, స్క్వాష్ అసలు దగ్గరికి రానీయొద్దు.

చక్కెర పాకం అంటే తీగపాకం కాదు. ఒక గ్లాసు చక్కెర, అదే గ్లాసుతో నీళ్లు, చక్కెర కరిగేదాకా వేడి చేసి దింపెయ్. మరగనిచ్చావంటే చిక్కబడి కొలత మారిపోతుంది. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఆగుతుంది.

కొలత గురించి గట్టిగా చెప్పాలి. నువ్వు తలా 30 పోశానన్నావు. ఏ కొలతతో పోశావో రాయలేదు కాబట్టి చూపు అంచనాతోనే అయ్యుంటుంది, చూపు అంచనా మామూలుగా ఎక్కువకే పోతుంది. పోనీ సరిగ్గా 30 చొప్పునే పోశావనుకుందాం. నాలుగు 30లు అంటే ఒక్క గ్లాసులో నాలుగు చిన్న పెగ్గులు. మీ ఇద్దరు దోస్తులు గోడకు ఒరగడంలో ఆశ్చర్యం ఏముంది? చాలామంది 30 మిల్లీలీటర్ల స్టీలు పెగ్గు గిన్నెలో సగం దాకా పోసి అదే 15 అనుకుంటారు. ఆ గిన్నె అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. సూదిగా దిగే గరాటు ఆకారమైతే ఎత్తులో సగం దాకా పోస్తే దానిలో ఎనిమిదో వంతే పడుతుంది. నిజంగా సగం కావాలంటే దాదాపు ఐదింట నాలుగు వంతుల ఎత్తు దాకా రావాలి. అందుకే కంటితో సగం చూడొద్దు. ఇంట్లో దగ్గు సిరప్‌తో వచ్చిన గీతల మూత ఉంటే శుభ్రంగా కడిగి అదే వాడు. లేదా మెడికల్ షాపులో సూది లేని 20 మిల్లీలీటర్ల కొత్త సిరంజి అడుగు. చుక్క తేడా రాదు. బార్‌లో చేరిన మొదటి ఏడాది నేను కూడా చేతివాటాన్ని నమ్ముకునేవాణ్ని. ఒకరోజు మా సీనియర్ నేను పోసిన పది పెగ్గుల్ని కొలిచి చూపించాడు. ఏ రెండూ ఒక్కలాగ లేవు. ఆ రోజు నుంచి కొలవకుండా ఒక్క గ్లాసు కలపలేదు.

సీసాల దగ్గరికి వద్దాం. మన వైన్స్‌లో దొరికే వోడ్కా, జిన్, రమ్ము మామూలుగా 42.8 శాతం మీద ఉంటాయి. ఎనిమిది గ్లాసులకు ఒక్కోటి 120 మిల్లీలీటర్లే కావాలి. అంటే ఫుల్లు బాటిళ్లు కొనాల్సిన పనే లేదు, మూడింటికీ 180 మిల్లీలీటర్ల క్వార్టర్లు సరిపోతాయి, ఇంకా 60 చొప్పున మిగులుతుంది. వోడ్కా మామూలుది చాలు, ఇందులో దాని రుచి ఎవరికీ తెలియదు. జిన్‌లో మాత్రం జూనిపర్ (జిన్‌కి దాని వాసన ఇచ్చే చిన్న కాయ) వాసన బాగా ఉన్నది తీసుకో. నిమ్మరసం పక్కన నిలబడి ఈ డ్రింకుకు ఒక పరిమళం ఇచ్చేది అదే. అందుకే జిన్ మీద ఇంకో వంద రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

రమ్ము తెల్లదే కావాలి. నువ్వు ఓల్డ్ మాంక్ పోశావన్నావు. ఓల్డ్ మాంక్ నాకూ ఇష్టమే, చలికాలం రాత్రి దానికి సాటి లేదు. కానీ దాని వనిల్లా వాసన, మాడిన చక్కెర రుచి చాలా పెద్దవి. మిగతా నాలుగింటినీ కప్పేస్తుంది. నీ దగ్గర అదొక్కటే ఉంటే లాంగ్ ఐలాండ్ జోలికి పోకుండా 45 ఓల్డ్ మాంక్, 10 నిమ్మరసం, మిగతా థమ్స్ అప్, నిండా ఐసు. అది కూడా క్యూబా లిబ్రె అనే పాత కాక్‌టెయిల్ పద్ధతే, ఎవరూ వద్దనరు.

టెకీలా వరంగల్‌లో అన్ని షాపుల్లో ఉండదు, రేటు కూడా ఎక్కువ. మెక్సికోలో, ముఖ్యంగా హలిస్కో ప్రాంతంలో, నీలి అగావే అనే కలబంద లాంటి మొక్క దుంపని ఉడికించి, పులియబెట్టి తీస్తారు. పచ్చి గడ్డి, మిరియాలు కలిసినట్టుండే దాని వాసన వేరే దేనిలోనూ రాదు. హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తుంటే తెమ్మను, ఎనిమిది మంది పైసలు కలుపుకుంటే ఒక్క సీసా మూడు నాలుగు దావత్‌లకు వస్తుంది. సీసా మీద 100 శాతం అగావే అని రాసి ఉన్న తెల్లది తీసుకో. దొరక్కపోతే బదులుగా వోడ్కా పెంచకు. వోడ్కాకి ఘాటే తప్ప రుచి లేదు కాబట్టి డ్రింకు బోసిగా అయిపోతుంది. అప్పుడు వోడ్కా 15, జిన్ 20, తెల్ల రమ్ము 20, నారింజ లిక్కర్ 15 చేసి, షేకర్‌లో (అన్నీ పోసి ఊపి కలిపే మూత గిన్నెలో) మొత్తానికి రెండు వేళ్ల మధ్య పట్టేంత ఉప్పు వెయ్యి. అది అసలు లాంగ్ ఐలాండ్ అవ్వదు, కానీ మంచి డ్రింకు అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. టెకీలాకు బదులు ఇప్పసారా వేస్తే ఎట్లుంటుందని నన్ను ఫంక్షన్లలో చాలామంది అడిగారు. ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో ఇప్పసారాకి దేవుడి దగ్గర చోటుంది, ఆ మర్యాద వేరు. అక్కడ తమ కోసం తాము వండుకునేవాళ్ల సంగతి నేను మాట్లాడట్లేదు. ఊరి చివర చేతులు మారి వచ్చే సారా, గుడుంబా మాత్రం ఏ రూపంలోనూ గ్లాసులోకి రాకూడదు. అందులో మిథనాల్ కలిసి ఉంటే వాసనతో, రుచితో పట్టుకోలేవు. కొద్దిపాటి మోతాదే కంటిచూపు తీసేస్తుంది, ప్రాణం తీస్తుంది. నిమ్మరసం, కోలా కలిసిన గ్లాసులో అయితే అసలే తెలియదు.

ట్రిపుల్ సెక్ అంటే నారింజ తొక్కల లిక్కర్. క్వాంత్రో దానిలో పేరున్నది, 40 శాతం ఉంటుంది, ధర చూస్తే గుండె ఆగుతుంది. దీనికి మన దగ్గర మంచి దారి ఉంది. ఇప్పుడు నాగపూర్ సంత్రాల కాలం, బండ్ల మీద కుప్పలుగా ఉన్నాయి. రెండు పెద్ద సంత్రాలు తీసుకుని వేడినీళ్లలో బాగా రుద్ది కడుగు, మైనం పూత పోవాలి. తుడిచి, కూరగాయల చెక్కు తీసే పీలర్‌తో పైపై నారింజ రంగు తొక్క మాత్రమే తీయి. సంత్రా తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి కాయ ఒలవకముందే తీయాలి, ఒలిచాక చేతిలో నిలవదు. తొక్క వెనకాల తెల్లపొర అంటుకుని వస్తే చాకుతో గీకేయ్. చేదంతా అందులోనే ఉంది. ఆ తొక్కని వేళ్ల మధ్య వంచి చూడు, సన్నటి తుంపర లేస్తుంది, గది అంతా సంత్రా వాసన కమ్ముతుంది. మనకి కావాల్సింది ఆ నూనే. తొక్కలన్నీ గాజు సీసాలో వేసి ఒక క్వార్టర్ వోడ్కా పోసి మూత బిగించి, ఎండ తగలని చోట మూడు రోజులు పెట్టు. రోజుకోసారి ఊపు. మూడో రోజుకు వోడ్కా లేత బంగారు రంగుకి తిరుగుతుంది. వడగట్టి, 90 గ్రాముల చక్కెరని 60 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించి చల్లార్చి కలుపు. సుమారు 26 శాతం బలం ఉన్న నారింజ లిక్కర్ తయారు, పదహారు గ్లాసులకు పైనే వస్తుంది. అసలు దాని కంటే కొంచెం తియ్యగా ఉంటుంది, అందుకని ఇది వాడితే చక్కెర పాకం 15 నుంచి 10కి తగ్గించు. మూడు రోజులకు మించి నానబెట్టకు, వారం ఉంచితే చేదు మొదలవుతుంది. ఆరెంజ్ స్క్వాష్‌లో ఈ తొక్క నూనె లేదు, తీపి మాత్రమే ఉంది. నీ డ్రింకు రెండో గుక్కకే వెగటు పుట్టడానికి అదొక కారణం.

ఐసు గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ సగం డ్రింకు అదే. ఊపేటప్పుడు కరిగిన నీళ్లే ఘాటుని విడగొడతాయి. రెండు రోజుల ముందు నుంచే కాచి చల్లార్చిన నీళ్లతో ట్రేలు నింపి, గట్టిపడ్డ ముక్కల్ని మూతున్న డబ్బాలోకి మారుస్తూ పో. ఫ్రీజర్‌లో మటన్, చేపలు ఉంటే మూతలేని ఐసు ఆ వాసన పీల్చుకుంటుంది, చల్లగా ఉన్నంతసేపు తెలియదు, కరుగుతుంటే బయటపడుతుంది. మనిషికి అర కిలో చొప్పున నాలుగు కిలోలు కావాలి. చాలకపోతే తినడానికి పనికొచ్చే ప్యాకెట్ ఐసు కొను. చేపల మార్కెట్ కోసం వచ్చే పెద్ద గడ్డల్ని కూల్ డ్రింక్ సీసాలు చల్లబరచడానికి టబ్బులో వేసుకో, గ్లాసులో వెయ్యకు, ఆ నీళ్లు ఎక్కడివో ఎవరికీ తెలియదు.

షేకర్ లేదన్నావు. మా ఇంట్లో నేను ఇప్పటికీ వాడేది స్టీలు మరచెంబు. మా అమ్మమ్మ మేడారం జాతరకు నీళ్లు నింపుకుని పోయేది. దానికంటే మంచి షేకర్ ఎక్కడా చూడలేదు, మర బిగిస్తే చుక్క కారదు. ఇత్తడిది, రాగిది మాత్రం వద్దు, నిమ్మరసం తగిలితే లోహం దిగుతుంది. స్టీలుది లేకపోతే వెడల్పు మూతి గాజు ఊరగాయ సీసా కూడా పనికొస్తుంది, మూతకి పచ్చడి వాసన లేకుండా చూసుకో.

చెంబులో ముందు నిమ్మరసం, తర్వాత పాకం, ఆ తర్వాతే మందులు పోయి. ఎక్కడైనా కొలత తప్పితే పారబోసేది నిమ్మరసమే అవుతుంది, నాలుగు రకాల మందు కాదు. బార్‌లో మొదటి వారం నేర్పే పద్ధతి ఇది. ఆఖర్న చెంబు ముప్పావు దాకా ఐసు వేసి మూత బిగించి, ఒక చెయ్యి మూత మీద, ఒకటి అడుగున పెట్టి భుజం మీదుగా గట్టిగా ఊపు. మొదట ఐసు ముక్కలు గలగలమని విడివిడిగా మోగుతాయి. పది పన్నెండు సెకన్లకు ఆ చప్పుడు మెత్తబడుతుంది, చెంబు మీద మంచుపొర తెల్లగా పట్టి, వేళ్లు అతుక్కుపోతున్నట్టు జివ్వుమంటాయి. అప్పుడు ఆపాలి. ఇంకా ఊపితే నీళ్లెక్కువవుతాయి. ఒక్కోసారి మూత రాదు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుని మూతని లోపలికి లాగి పట్టుకుంటుంది. బలవంతం చేయొద్దు, మూత మీద కుళాయి నీళ్లు ఒక్క క్షణం పోస్తే వదులుతుంది. కోలా మాత్రం పొరపాటున కూడా చెంబులో పోయకు. గ్యాసు నిండిన చెంబు ఊపితే మూత ఎగిరి ముఖం మీదికి వస్తుంది.

పొడుగు గ్లాసులో కొత్త ఐసు అంచు దాకా వేసి, చెంబులోది జాలీతో వడగట్టి పోయి. ఊపిన పాత ఐసు పగిలి పలచబడి ఉంటుంది, దాన్ని గ్లాసులోకి రానీయకు. ఇప్పుడు చల్లటి థమ్స్ అప్ గ్లాసు అంచు మీదుగా నెమ్మదిగా 30 పోయి. అది బరువుగా కిందికి దిగుతూ గోధుమరంగు పొగలా విచ్చుకుంటుంది. స్పూనుతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపు, చాలు. రంగు పలుచటి డికాషన్‌లా ఉండాలి. నల్లగా ఉందంటే కోలా ఎక్కువైంది.

ఎనిమిది మందికి ఒక్కొక్కటిగా ఊపుతూ కూర్చుంటే నువ్వు దావత్‌లో ఉండవు, వంటింట్లోనే ఉంటావు. జగ్గు పద్ధతి చెప్తా. నాలుగు మందులు, నారింజ లిక్కర్ తలా 120, నిమ్మరసం 200, చక్కెర పాకం 120 (ఇంటి లిక్కరైతే 80), తాగే నీళ్లు 200. నీళ్లెందుకంటే, ఊపేటప్పుడు ఐసు ఇచ్చే నీళ్ల లెక్క అది. ఇవన్నీ కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టు. ఐసు నింపిన గ్లాసులోకి 140 (ఇంటి లిక్కరైతే 135) చొప్పున పోసి, పైన 30 థమ్స్ అప్. జగ్గులోనే కోలా కలిపి పెట్టొద్దు. నా చిన్నమ్మ కొడుకు ఎంగేజ్‌మెంట్‌కి తొందరలో నేనే ఆ తప్పు చేశాను, గంటకల్లా గ్యాసంతా పోయి జగ్గు మొత్తం చప్పబడింది. అందరికీ ఇచ్చే ముందు ఒక స్ట్రా ముంచి పైన వేలు మూసి నాలుగు చుక్కలు నాలుక మీద వేసుకుని చూడు. నాలుక పక్కలు జివ్వుమంటే పాకం ఇంకో స్పూను, పెదాలు అంటుకుంటే నిమ్మరసం ఇంకో స్పూను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క. సరైన కొలతతో చేసిన ఒక్క గ్లాసులో 75 మిల్లీలీటర్ల మందు ఉంటుంది, అందులో అసలు ఆల్కహాల్ 31 మిల్లీలీటర్ల పైమాట, బరువులో దగ్గర దగ్గర 25 గ్రాములు. 5 శాతం లైట్ బీరు 650 సీసా ఒకటి మొత్తం తాగితే వచ్చేది ఇంతే. బీరు తాగడానికి గంట పడుతుంది. ఇది పుల్లగా చల్లగా ఉంటుంది కాబట్టి పది నిమిషాల్లో అయిపోతుంది. ఈత కల్లులాగ గటగట తాగితే పావుగంట దాకా ఏమీ అనిపించదు, "ఇంకోటి పోయన్నా" అంటారు, రెండోది సగంలో ఉండగా మొదటిది పట్టుకుంటుంది. మామూలు మనిషి శరీరం గంటకి 8 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించుకోగలదు. అంటే ఒక్క గ్లాసు దిగడానికే మూడు గంటలు.

నేను దీన్ని ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, చాలా ఏళ్ల కింద మా బావకి నేనే మూడు గ్లాసులు ఇచ్చాను. మాటలు మంచిగానే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నాడు. మెట్లు దిగుతూ పడి నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. అక్క ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. అప్పటి నుంచి ఇంట్లో అయినా ఫంక్షన్‌లో అయినా ఒక మనిషికి రెండు దాటి ఇవ్వను, రెండిటి మధ్య గంటన్నర ఆగుతాను. మొదటి గ్లాసుకు ముందే తిండి పెట్టు. సర్వపిండి, గారెలు, మక్క గుడాలు, మటన్ వేపుడు, ఏదైనా సరే కడుపులో పడాలి. చిప్స్ చాలవు. గ్లాసుకి ఒక గ్లాసు మంచినీళ్లు పక్కనే పెట్టు. షుగరుకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవాళ్లుంటే, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లుంటే, వాళ్లకి నిమ్మరసం, సంత్రా రసం, సోడాతో మందు లేని గ్లాసు అంతే అందంగా చేసి ఇవ్వు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి చట్టప్రకారం మందు లేదు, మీ గుంపులో చిన్న తమ్ముళ్లెవరైనా ఉంటే వాళ్లకీ అదే గ్లాసు.

బండి సంగతి కూడా ముందే తేల్చుకో. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో ఈ డ్రింకు ఒక్కటి తాగితే లెక్క ప్రకారం 50 దాకా పోతుంది. ఒక్క గ్లాసే కదా అని కాజీపేటకి బండి తీయడానికి వీల్లేదు. వచ్చినవాళ్ల తాళాలు గేటు దగ్గరే తీసుకుని బీరువాలో పెట్టు. ఉండేవాళ్లకి చాపలు, దుప్పట్లు తీసి ఉంచు, వెళ్లేవాళ్లకి ఆటో మాట్లాడి పెట్టు.

దావత్ శనివారం అన్నావు, ఇవాళ మంగళవారం. సంత్రా తొక్కలు ఈ రాత్రికే వోడ్కాలో పడితే శుక్రవారం రాత్రికి వడగట్టుకోవచ్చు. ఐసు ట్రేలు గురువారం నుంచి మొదలుపెట్టు. నిమ్మకాయలు శనివారం పొద్దున తెచ్చుకో. మొదటి గ్లాసు దోస్తులెవరూ రాకముందే నీ కోసం సగం కొలతతో కలిపి రుచి చూడు. పులుపు, తీపి ఎటు మొగ్గిందో ఇక్కడ రాస్తే, జగ్గు కలపకముందే ఎంత మార్చాలో చెప్తాను. ఆ సాయంత్రం ఆరు దాకా ఫోన్ దగ్గరే ఉంటా.